మా గల్లీ జరం గది

ఛత్రినాకలో మా గల్లీ ఎంత ఇరుకంటే, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. మొత్తం ఇరవై రెండు ఇళ్లు. సగం ఇళ్లలో ఉన్నది ఒకటే గది, అందులోనే ఒక మూల వంట. మా ఇల్లు కాస్త నయం. రెండు గదులు, నేను, మా ఆయన, మా అత్తమ్మ. మామగారి కాలం దాకా ఈ ఇంటివాళ్లు గుడి పూజారులు. నేను అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఫైళ్లు సర్దడం వచ్చు గానీ వైద్యం గురించి నాకేమీ తెలియదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది నా మొహం మీదే అన్నారు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో మా ఎదురింటి మేస్త్రీకి జ్వరం వచ్చింది. ఇళ్లు కట్టే పని అతనిది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తండ్రి, అందరూ ఉండేది ఒక్క గదిలోనే. ఆస్పత్రిలో పరీక్ష చేసి, వేరే గదిలో ఉండమని చెప్పి పంపించారు. అతను వచ్చి తన గుమ్మం బయట ఎండలో కూర్చున్నాడు. లోపలికి పోలేదు.

"ఏ గదిల ఉండాలె అక్కా? ఉన్నదే గిదొక్కటి," అన్నాడు నాతో, గల్లీ అవతలి నుంచి.

రెండు రోజులు అక్కడే ఉన్నాడు. మూడో రోజు ఒళ్లు కాలిపోతుంటే భార్యే చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. వారం తిరగకుండా అయిదుగురూ పడకేశారు. ముసలాయన పోయాడు. ఆయన్ని బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు గల్లీలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. మాది కూడా. నేను కిటికీ సందులోంచి చూశాను. ఈ సంగతి దాచను.

మర్నాడు పొద్దున నాకు అన్నం సహించలేదు. ఏడుపు కాదు, కోపం. మా గల్లీ చివర బస్తీ హాలు ఉంది. బోనాలప్పుడు తెరుస్తారు, మిగతా ఏడాదంతా తాళమే. దాని వెనక ఒక గది, పక్కనే స్నానాల గది. జ్వరంతో ఒక మనిషి ఎండలో కూర్చున్న ఆ రెండు రోజులూ, ముప్ఫై అడుగుల దూరంలో ఆ గది ఖాళీగా ఉంది. హాలు కమిటీ అధ్యక్షుడు పప్పుల దుకాణం పెద్దమనిషి. ఫోన్ చేసి అడిగాను.

"కమిటీ కూర్చోవాలె చెల్లె. నేనొక్కన్ని ఎట్ల చెప్త?" అన్నాడు.

"ఎప్పుడు కూర్చుంటది అన్నా?"

"గీ లొల్లి జర తగ్గినంక."

ఫోన్ పెట్టేసి, ఇంట్లోంచి సుత్తె తీసుకుని వెళ్లి తాళం పగలగొట్టాను. మూడు దెబ్బలకు ఊడింది. మధ్యాహ్నానికల్లా రెండు మంచాలు, బకెట్లు, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషను ఒకటి చేర్చాను. మా ఆయన భయపడుతూనే మంచాలు మోశాడు. మా అత్తమ్మ మడి కట్టుకుని వండే మనిషి, ఆమె ఒప్పుకోదనుకున్నాను. ఆమె పెద్ద గిన్నె దించి, "ఎంతమందికి వండాలె?" అని మాత్రం అడిగింది.

ఆ ఎండాకాలం ఆ గదిలో పదకొండు మంది ఉన్నారు. ఒకరు ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదు. పది మంది నడుచుకుంటూ ఇళ్లకు పోయారు. వాళ్ల ఇళ్లలో ఎవరికీ అంటుకోలేదని చెప్పను, అంటుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఇంటిల్లిపాదీ ఒకేసారి పడిపోవడం మళ్లీ చూడలేదు. గల్లీ జనం దాన్ని జరం గది అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

తర్వాత నాలుగేళ్లు ఆ గది నా చేతిలోనే ఉంది. మాస్కులు, సబ్బులు, మందుల డబ్బా, గల్లీలో అందరి ఫోన్ నంబర్ల పట్టిక, అన్నీ పెట్టి ఉంచాను. పోయిన ఏడాది ఆ గదిని ఒక టెంట్‌హౌస్‌కి కుర్చీలు పెట్టుకోవడానికి ఇవ్వాలని కమిటీ అనుకుంది. గది ఖాళీ చేయమని అధ్యక్షుడు ఇంటికొచ్చి చెప్పాడు. చెయ్యనన్నాను. ఆదివారం హాల్లో అందర్నీ పిలిచారు.

"ఆ బీమారి ఎన్నడో పోయింది చెల్లె. ఇంకా గా మంచాలు కావలి కాసుకుంట కూసుంటవా?" అన్నాడు అధ్యక్షుడు. కొందరు నవ్వారు.

"పోయింది గా బీమారి ఒక్కటే అన్నా. ఇంకోటి రాదని మీకెవరు చెప్పిన్రు?"

"నువ్వేమన్న డాక్టరువా?"

"కాదు. డాక్టర్లు మందు కనుక్కుంటరు, టీకా చేస్తరు. అది మన గల్లీకి వచ్చే దాంక నెలలు పడ్తది. అన్ని దినాలు మన దగ్గరుండేది ఏంది? గీ నాలుగు గోడలే. గవి గూడ కుర్చీలకిస్తరా?"

"పెద్ద పెద్ద దేశాలే ఆగమైనయి. మనమెంత?"

"దేశాల సంగతి నాకు తెల్వదు. గీ ఇరవై రెండిండ్ల ఫికర్ నేను చేస్త. గంతే."

ఆయనకు కోపమొచ్చింది. "సరే. బీమారి ఇయ్యాలనే వచ్చిందనుకో. ఏం చేస్తవో చూపియ్యి. చూస్తం మేం గూడ," అన్నాడు.

చూపించబోయాను. అంతా తప్పే అయింది.

పట్టిక తీసి ఫోన్లు చేస్తే తొమ్మిది నంబర్లు పనిచేయలేదు, ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. వేలి మిషనులో సెల్లులు కారి, తుప్పు పట్టి ఉంది. గదిలో ఉన్న ఒక్క కిటికీకి ఆనుకుని వెనకింటివాళ్లు ఎప్పుడో గోడ లేపారు. లోపల పది మంది నిలబడేసరికి గాలి ఆడలేదు. అన్నిటికంటే ఘోరం, చివరింటి మేడ మీద రెండేళ్లుగా ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ పేరు నా పట్టికలోనే లేదు. ఇంటింటికీ తిరుగుతున్నామని విని ఆమె పైన తలుపు తీసుకుని నిలబడిందట. ఎవరూ మెట్లెక్కలేదు. చివరికి తనే గోడ పట్టుకుని దిగి వచ్చి, "నన్ను మర్చిపోయిన్రా బిడ్డా?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అధ్యక్షుడు చేతులు కట్టుకుని నవ్వాడు. "చూసినవా? గిదేనా నీ తయారీ?"

"చూసిన," అన్నాను. "నిజంగ వచ్చిన దినం గిట్లయితే గీ అవ్వ పైననే సచ్చిపోయేది. ఇయ్యాల తప్పైంది గాబట్టి అవ్వ మన ముంగట నిలబడ్డది. తప్పు నాదే. మల్ల చేస్త. వచ్చే నెల గూడ చేస్త. సరిగయ్యే దాంక చేస్తనే ఉంట. మీరు నవ్వుకోన్రి."

అప్పుడు మేస్త్రీ లేచాడు. ఆ రోజుల గురించి అతను ఎప్పుడూ, ఎవరితోనూ మాట్లాడడు. గదిలోకి పోయి బయటి వైపు గోడను అరచేత్తో తట్టి చూశాడు.

"ఇది బరువు మోసే గోడ కాదు. ఇటు దిక్కు రెండు కిటికీలు పెట్టొచ్చు. ఎదురుంగ ఖాళీ జాగనే," అన్నాడు.

"కమిటీ అనుకోవాలె గదా..." అన్నాడు అధ్యక్షుడు.

మేస్త్రీ ఆయన వైపు చూశాడు. "మా బాపు పోయినప్పుడు గూడ కమిటీ అనుకోవాలన్నరు," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

గది ఉంచాలనేవాళ్లు చేతులెత్తండని ఎవరో అన్నారు. మావైపు ఎక్కువ చేతులు లేచాయి, మరీ ఎక్కువేమీ కాదు. అధ్యక్షుడి చెయ్యి లేవలేదు. ఆయన ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు. టెంట్‌హౌస్ కుర్చీలు వరండాలో రేకుల కింద పెట్టించాడు. ఆ వారంలోనే మేస్త్రీ రెండు కిటికీలు పెట్టాడు.

వచ్చే నెల చేస్తానన్నాను, చేశాను. నాలుగు నంబర్లు కలవలేదు. మూడోసారి ఒక్కటి. ఉప్పుగూడలో ఉండే మా ఆఫీసు అటెండరు ఒకసారి వచ్చి చూసి, "మేడమ్, మీకు వేరే పని లేదా?" అన్నాడు. ఉంది, ఇదే పని అన్నాను.

ఈ ఏడాది వానల ముందు చేసినప్పుడు నడిపించింది నేను కాదు, మేస్త్రీ భార్య. చీర కొంగు నడుముకు దోపుకుని, ఎవరు నీళ్లు తేవాలి, ఎవరు మేడ మీది అవ్వ దగ్గరికి పోవాలి, అందరికీ పనులు పంచింది. నన్ను రోగిగా పండుకోబెట్టింది. పట్టిక ఒకసారి చూద్దామని నేను లేవబోతే గుమ్మంలోంచి గద్దించింది.

"గట్లనే పండుకో అక్కా. జరమొచ్చినోళ్లు లెక్కలు చూడరు. నీకేం గావాల్నో చెప్పు, మేం తెస్తం."

మంచినీళ్లు కావాలన్నాను. తెచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. సరిగ్గా చేసింది.