నేను చేయని ఒక్క ఫోన్

నాన్న బొగ్గుగని నుంచి రిటైరయ్యాక చంద్రపూర్ నుంచి అమ్మా, నాన్నా, నేనూ కేరళలోని అలెప్పీ వెళ్లాం. హౌస్‌బోట్, హోటల్ అన్నీ నేనే ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. హోటల్ కాలువకు అవతలి గట్టున ఉంది. ముందుగా ఫోన్ చేస్తే పడవ పంపుతామని వాళ్లు మెసేజ్ పెట్టారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. ఆటోలో వెళ్లిపోవచ్చులే అని ఊరుకున్నాను.

హౌస్‌బోట్ దిగి ఎక్కిన ఆటో ఒక నడకవంతెన దగ్గర ఆగిపోయింది. అవతలికి దారి అదొక్కటే. పెట్టె మోస్తూ మెట్లెక్కిన నాన్న వంతెన మధ్యలో కూలబడ్డాడు. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు ఆయనవి. గొంతులో పిల్లికూతలు, పెదాలు నల్లబడ్డాయి.

ఆయన కాస్త తేరుకునేసరికి, సాయానికి వచ్చిన ఆటో అతను హిందీలో, "ఆ హోటల్‌వాళ్లు పడవ పంపుతారు కదా!" అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏందే, నీకు తెల్వదా?"

నా ముఖం చూసి నాన్నకు అర్థమైంది. "దానికి తెల్సు. నేనే వద్దన్న. గనిల దిగి ఎక్కినోనికి గీ వంతెనొక లెక్కనా?"

"ముసలోనికి దసరా పండుగన్నట్టుంది నీ కథ," అని అమ్మ హోటల్ దాకా ఆయన్ని తిడుతూనే ఉంది. నేను పెట్టె మోస్తూ వెనకాలే నడిచాను.

అమ్మ ఇప్పటికీ చుట్టాలకు నాన్న మొండితనం గురించి చెప్పి నవ్విస్తుంది. ఆయనా నవ్వుతాడు, నా వైపు మాత్రం చూడడు. ఒక్కసారి చూస్తే నిజం చెప్పేసేదాన్నేమో.