బొట్టు ముక్కులో పెట్టింది నేనే

నా పేరు వెంకాయమ్మ. వయసు డెబ్బై దాటింది. మాది నాగాయలంక.

ఇంట్లో నేను, నా కొడుకు నాగరాజు, కోడలు సుజాత. చేపల లోడు వేసే పికప్ బండి ఒకటి. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే సుజాత టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

నిన్న పొద్దున రొయ్యలు ఏరుతూ కూర్చుంటే సుజాత ఫోన్ పట్టుకుని వచ్చింది. బందరు కరీముల్లా మేస్త్రి పోయారత్తయ్యా అంది.

ఏ కరీముల్లా అని అడిగాను.

నాకు తెలిసిన కరీముల్లా ఒక్కడే. అయినా అడిగాను.

మా బండి మెకానిక్కు. పోయిన వారమే సర్వీసుకు ఆయన షెడ్డుకు వెళ్తే నాకు టీ తెప్పించాడు. తను సగం తాగి, బానెట్ కింద తల పెట్టి, మిగతా సగం మర్చిపోయాడు. ఆ గ్లాసే కళ్ల ముందు ఆడుతోంది.

ఇంకో సంగతి. ఈ బళ్లవాళ్ల గ్రూపులో చావు కబురు కిందే ఎవరో కామెంట్ పెట్టారు. మనిషి మంచోడే కానీ కొత్త బళ్ల ట్యూనింగ్ తెలియదు, నాగాయలంక పెద్దమ్మ బండి పాడుచేశాడు కదా అని.

ఆ పెద్దమ్మను నేనే. అందుకే ఈ పోస్ట్.

నాలుగేళ్ల కిందట మా బండి లోడుతో వారధి ఎక్కాలంటే ఆయాసపడేది. గుడివాడ మార్కెట్‌కు చేరేసరికి ఐసు కరిగి నీళ్లయ్యేది. నాగరాజు ఫోన్‌లో వీడియోలు చూసి, గాలి బాగా లాగే కొత్త ఫిల్టర్, దానికి తగ్గ ఇంజిన్ ట్యూనింగ్ కావాలని పట్టుబట్టాడు. వాడు చూసింది మూత లేని రకం. బంపర్ కింది నుంచి చల్లగాలి లాగుతుందట. బుసకొడుతుందట.

కరీముల్లా ఆ వీడియో అంతా ఓపిగ్గా చూశాడు. చూసి, వాడిని వదిలేసి నన్ను అడిగాడు.

"అక్కా, వానలప్పుడు మీ రోడ్డు మీద నీళ్లు ఎందాకా వస్తాయి?"

తొడ మీద చెయ్యి పెట్టి చూపించాను. నన్ను అలాగే తీసుకెళ్లి బండి పక్కన నిలబెట్టి, నా చెయ్యి ఉన్న ఎత్తులో సుద్దముక్కతో గీత గీశాడు.

"ఈ గీత కింద గాలి పీల్చిందనుకో, నీళ్లు కూడా తాగేస్తది. బండికి ఈత రాదక్కా."

మూత ఉన్న పెట్టె బిగించాడు. దాని గొట్టం మూతి గీతకు మూరెడు పైన పెట్టాడు. తర్వాత ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, చేపల లోడుతోనే చల్లపల్లి దాకా మాతో వచ్చాడు. ఖాళీ బండికి చేసే ట్యూనింగ్ ఖాళీ బండికే పనికొస్తుందన్నాడు. నాగరాజు ఇంకొంచెం పవర్ అడిగితే, పొగ కక్కే పవర్ నా షెడ్డులో దొరకదన్నాడు. అరవై ఏళ్లు వచ్చాక కూతురి దగ్గర కూర్చుని ఆ ల్యాప్‌టాప్ నేర్చుకున్న మనిషి.

ఆ వానల్లో మా ముందు రెండు బళ్లు నీళ్లు తాగి ఆగిపోయాయి. మాది దాటింది. నాగరాజు హారన్ కొట్టుకుంటూ దాటాడు.

తర్వాత దసరా వచ్చింది.

బండికి పూజ. నాగరాజు నిమ్మకాయలకు వెళ్లాడు. బండికింత బలమిచ్చిన వస్తువు లోపల బోసిగా ఉంటే నాకు మనసొప్పలేదు. ఆ పెట్టె మూత క్లిప్పులు నేనే ఊడదీశాను. ఫిల్టర్‌కు గడపకు రాసినట్టు చుట్టూ తడి పసుపు రాశాను. దాని మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టాను. మళ్లీ మూత వేసేశాను. దణ్ణం కూడా పెట్టుకున్నాను.

మర్నాడు లోడుతో గూడూరు దగ్గర బండి లాగడం మానేసింది. నల్లటి పొగ. చేపలు సగం పోయాయి.

బండి లాక్కుని బందరు వెళ్లి, షెడ్డు నిండా జనం ఉండగా కరీముల్లాను ఎన్ని మాటలన్నానో ఇక్కడ చెప్పను. అవి టైప్ చెయ్యడం సుజాత వల్ల కాదు.

ఆయన ఏమీ అనకుండా మూత తీశాడు. చూశాడు. మూసేశాడు. నాగరాజును ఏదో సామానుకు పంపి, నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"అక్కా, మనం బొట్టు నుదుటికి పెడతామా, ముక్కులో పెడతామా?"

నా పసుపూ కుంకుమే బండికి ఊపిరాడకుండా చేశాయని అప్పుడు తెలిసింది.

అప్పుడు జనం వైపు తిరిగి, ఫిట్టింగ్‌లో నాదే పొరపాటు అన్నాడు.

చేపల వేలంపాటలో పదిమంది మగాళ్ల నోళ్లు మూయించే నోరు నాది. ఆ రోజు తెరవలేదు. ఆయన సెన్సర్ తుడిచి, ఫిల్టర్ తన చేత్తోనే కడిగి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించి బిగించాడు. బండి ఈ రోజుకీ గుర్రంలా లాగుతోంది. కానీ తప్పు మేస్త్రిదేనన్న మాట మాత్రం ఊళ్లు తిరిగింది. ట్యూనింగ్‌కు వచ్చే కుర్రకారు వేరే షెడ్లకు వెళ్లిపోయారు. అదీ నాకు తెలుసు.

ఆయన నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ప్రతి దసరాకూ పొద్దున్నే ఫోన్ మాత్రం చేసేవాడు. "అక్కా, నుదుటి మీదే. ముక్కు జోలికి వెళ్లమాక." ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు.

నిన్న చివరి చూపుకు వెళ్లి ఆయన భార్యకు చెప్పాను. ఆమెకూ తెలియదట. సొంత ఇంట్లో కూడా నా పరువు తియ్యలేదు మహానుభావుడు. నాగరాజుకైతే ఇప్పుడే తెలిసింది. నా వంకే చూస్తున్నాడు. చూడనీ.

కామెంట్ పెట్టిన బాబూ, అది తీసెయ్యి. తప్పు మేస్త్రిది కాదు. నాది. నాలుగేళ్లు ఆయన మోశాడు. ఇక నేను మోస్తాను.

ఈ దసరాకు ఫోన్ రాదు. బొట్టు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసులే తమ్ముడా.

పొగ లేని చోట చల్లగా ఊపిరి పీల్చుకో. ఆ అల్లా నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకోవాలి.

కింద ఫొటోలో ఉన్నది నా వేలిముద్ర. ఆ రోజు బొట్లు పెట్టిందీ ఈ బొటనవేలితోనే.

వెంకాయమ్మ వేలిముద్ర
సాక్షులు: నాగరాజు, కొడుకు. సుజాత, కోడలు, ఒక్క మాట మార్చకుండా టైప్ చేసింది.