జేబుల మూడు ఫ్యూజులు

మొన్న ఐతారం నేను చేసిన పనికి మా అపార్ట్‌మెంటోళ్ళు నన్ను మెడలు పట్టి బయటికి గెదమాలె. గెదమలే! పైంగ ముందు వరుసల కూసోబెట్టి, పిలిచి పిలిచి బువ్వ పెట్టిండ్రు. ఎట్లనో చెప్తా, ఛాయ్ తాగుకుంట ఇనుండ్రి.

గోదావరిఖనిల మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు నేనే సెక్రటరీని. ఇరవై నాలుగు ఫ్లాట్లు. సగం మంది నా లెక్కనే బొగ్గుబాయిల పనిచేసి రిటైరైనోళ్ళు. నాది బాయిల ఎలక్ట్రీషియన్ డ్యూటీ ఉండె. సెక్రటరీ అంటే పెద్ద పోస్టు అనుకునేరు! ఉన్నదల్ల ఒక్కటే పని, వాట్సాప్ గ్రూపుల మెసేజ్‌లు పెట్టుడు. లిఫ్టు ఆగింది, మెసేజ్. చెత్తబండి రాలే, మెసేజ్. మా ఇంటామె సరోజన అయితే "నీ మెసేజ్‌లన్ని చదవాలంటే నేను గూడ రిటైర్ కావాలె" అంటది.

ఇగ అసలు సంగతికొస్తా. ఐతారం పొద్దుగాల మీది ట్యాంకు కడిగిద్దామని పెట్టుకున్నం. పోయినసారి "రేపు నీళ్ళు రావు" అని మెసేజ్ పెట్టంగనే ఏమైందో ఎర్కనా? డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, ఆఖరికి ఒకాయన వాషింగ్ మిషన్ గూడ నింపుకున్నడు! తెల్లారి ఆ నీళ్ళన్ని మోరీల పారబోసిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. అందుకే ఈసారి శనివారమే గట్టిగ రాసిన: "ఎవ్వరు నీళ్ళు నింపుకోవద్దు. పదింటికల్ల నీళ్ళొస్తయ్. నాది హామీ."

హామీ అట! ఎవలిమ్మన్నరు నన్ను?

అదే ఐతారం మా రెండో అంతస్తుల రాజక్క ఇంట్ల తొట్టెల ఫంక్షను. రాజక్క పెనిమిటి పోయినంక ఒక్క బిడ్డను తనే సాది, చదివించి, లగ్గం చేసింది. ఆ బిడ్డకు లగ్గమైన తొమ్మిదేండ్లకు పిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలల ఏసి పేరు పెడ్తరు. శనివారం నా మెసేజ్ చూసి రాజక్క మెట్లెక్కి వచ్చింది.

"తమ్మీ, రేపే కడగాల్నా? వియ్యంకులు బసంత్‌నగర్ నుంచి వస్తుండ్రు. యాభై మంది. చేతులు కడుక్కోను నీళ్ళు లేకుంటే నా ఇజ్జత్ పోతది. మా వియ్యపురాలు అసలే జర గట్టిది."

"కడిగేటోళ్ళు ఐతారమే దొరికిండ్రు అక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు. పదింటికి నల్ల తిప్పు, రాకపోతే నన్నడుగు."

పాపం, నమ్మింది. ఒక్క బిందె గూడ నింపుకోలే.

నమ్మనిది ఒక్క మూడో అంతస్తు షాహీన్ ఆపా. ఐతారం తెల్లారంగనే ఆమె ఫ్లాటుల నీళ్ళు పడుతున్న సప్పుడు. పోయి చూస్తే రెండు నీలం డ్రమ్ములు నిండుగ ఉన్నయ్! నాకు ఒళ్ళు మండింది. వెంటనే గ్రూపుల పెట్టిన: "మూడో అంతస్తుల ఒకరు రూల్ తప్పిండ్రు. చదువుకున్నోళ్ళు గిట్ల చేస్తే ఎట్ల?" ఆపా బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊకుంది.

ఇగ ట్యాంకు కడిగేటోళ్ళు ఇద్దరొచ్చిండ్రు. వాళ్ళు ట్యాంకుల దిగకముందే నేను కిందికి పోయి మోటరు బోర్డుల మూడు ఫ్యూజులు పీకి ప్యాంటు జేబుల ఏసుకున్న. ఇది బాయిల అలవాటు. మనిషి మిషన్ల చెయ్యి పెట్టిండంటే ఫ్యూజులు పీకి నీ జేబులనే పెట్టుకోవాలె. ఆ మనిషి బయటికి వచ్చేదాక మేనేజర్ అడిగినా ఇయ్యద్దు. ముప్పై ఏండ్లు గట్లనే చేసిన. మా వాచ్‌మెన్ మల్లేశ్ అలవాటుల పడి మోటరు ఒత్తితే లోపలున్న ఇద్దరు ఏంగావాలె?

తొమ్మిదిన్నరకు కడుగుడైంది. అప్పుడే మా బావ నస్పూర్ నుంచి ఫోన్. "బామ్మర్దీ, మా బోరు మోటరు నడుస్తలేదు. జల్ది రా."

"వస్తున్న బావా!" ఎవలన్న మోటరు చెడిందంటే నాకు కాలాగది. "మల్లేశ్, మోటరు ఏసెయ్" అని కేకేసి, గేటు కాడ నిలబడే గ్రూపుల మెసేజ్ కొట్టిన: "ట్యాంకు క్లీన్ అయింది. మోటరు ఆన్ చేసినం. అరగంటల నీళ్ళు." ఫోను స్కూటీ డిక్కీల పడేసి, గోదావరి బ్రిడ్జి మీదికెల్లి నస్పూర్ పోయిన.

బావ ఇంట్ల బోర్డు తెరిచి చూస్తే, ఒక ఫ్యూజు పింగాణీ పగిలి ఉన్నది.

"కొత్తది కావాలె బావా. ఐతారం షాపులు బంద్ ఉంటయ్..." అనుకుంట జేబుల చెయ్యి పెడితే, అరే! చేతికి ఫ్యూజు తగిలింది. ఒకటి గాదు, మూడు!

"చూసినవా బావా! ఎలక్ట్రీషియన్ జేబంటే గిట్లుండాలె" అని ఫోజు కొట్టి ఒకటి బిగించిన. మోటరు బుర్రుమన్నది. మా అక్క సంబురపడి ఛాయ్ తెచ్చింది. రెండు గుటకలు తాగిన. మూడో గుటకకు నాకు అనుమానమొచ్చింది. అవును, ఈ ఫ్యూజులు నా జేబులకు ఎట్లొచ్చినయ్?

ఇగ చూడుండ్రి! కప్పు ఆడనే పెట్టి ఉరికిన. నడుస్తున్న మోటరు బంద్ జేసి ఫ్యూజు పీకిన. "అరే, ఏం జేస్తున్నవ్ రా, పిచ్చి గిట్ల లేసిందా!" అని బావ వెనుకనే ఉరుకుతుండు. ఊరందరికి శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డట్టయింది నా కథ.

డిక్కీ తెరిచి ఫోను చూస్తే ముప్పై ఆరు మిస్డ్ కాల్స్. గ్రూపు నిండ మెసేజ్‌లు. "మోటరు నడుస్తలేదు." "ఫ్యూజులు లేవు, ఎవడో దొంగతనం చేసిండు!" "సెక్రటరీ ఫోన్ ఎత్తుతలేడు." "సీసీ కెమెరా చూడుండ్రి." ఆ కెమెరా పెట్టియ్యాలని ఆరు నెలలు కొట్లాడింది నేనే! దాని కింద వీడియో. అండ్ల ఒక బట్టతలాయన అటు చూసి, ఇటు చూసి, మూడు ఫ్యూజులు పీకి జేబుల ఏసుకుంటుండు. ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. కెమెరా పట్టింది. వీడియో కింద మా సరోజన రాసింది: "ఈయన మా ఇంటాయననే."

బొగ్గు లారీల మధ్యల స్కూటీ ఎట్ల నడిపిన్నో దేవునికే ఎర్క. రాజక్క మొఖమే కండ్ల ముందు కనబడుతున్నది. తొమ్మిదేండ్లు ఎదురుచూసిన తొట్టెల! నా హామీ పాడుగాను! తిట్టినా పడాలె, కొట్టినా పడాలె అనుకుంటనే గేటు కాడికొచ్చిన.

గేటు కాడ చూస్తే, పక్క బిల్డింగు బోరు నుంచి మా పార్కింగుల వంటల కాడిదాక మనుషులు వరుసగ నిలబడ్డరు. మా రిటైరైనోళ్ళు, ఆడోళ్ళు, పట్టుచీరలు కట్టుకున్నోళ్ళు, అందరు ఒకరి చేతికెల్లి ఒకరికి బిందెలు అందిస్తుండ్రు. వంట కాడ షాహీన్ ఆపా నీలం డ్రమ్ములు రెండు. అప్పటికే ఒకటి ఖాళీ. మాంసం, బియ్యం కడుగుడు ఆ నీళ్ళతోనే అయిందట.

ఫ్యూజులు చేతుల పట్టుకుని దండం పెట్టిన. "ఆపా, పొద్దుగాల నిన్ను గ్రూపుల..."

"నక్కో భాయ్, అదంత వద్దు" అన్నది ఆపా నవ్వుకుంట. "ముందు మోటరు ఎయ్యి. మాటలు తర్వాత."

రాజక్క కాడికి పోవాలంటే భయం. ఆమెనే ఎదురొచ్చింది, చేతుల చెంబు. "చెమటలు కారుతున్నయ్ తమ్మీ. ముందుగాల ఈ నీళ్ళు తాగు."

నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. తిట్టినా బాగుండు!

మోటరైతే ఏసిన గానీ, ట్యాంకు నిండాలె గద. గంతలనే వియ్యంకుల బస్సు దిగింది. వియ్యపురాలు దిగుకుంటనే బిందెల వరుస చూసి ఆగిపోయింది. "ఏందమ్మా రాజవ్వా, నీళ్ళు లేవా మీ ఇంట్ల?"

నేను మల్లేశ్ ఎనుకకు జరిగిన. రాజక్క రెప్ప గూడ కొట్టలే. "ఉండకేం వదినా! మా కాడ తొట్టెలంటే గింతే. బిల్డింగుల ఉన్నోళ్ళందరు పిల్ల కోసం తలా ఒక బిందె ముట్టుకుంటరు. మా ఆచారం."

ఇరవై నాలుగు ఫ్లాట్లోళ్ళల్ల ఒక్కరు గూడ నవ్వలే, నా మొఖం గూడ చూడలే. అంతమంది కలిసి నన్ను దాచిండ్రు.

"గట్లనా! ఎంత మంచిగున్నది!" అని వియ్యపురాలు కొంగు దోపుకుని వరుసల నిలబడ్డది. ఆమె ఎనుక బస్సు మొత్తం! పిల్ల తల్లి ఏవో మూడు కొత్త పేర్లు రాసి పెట్టుకుంటే, వియ్యపురాలు ఒప్పుకోలే. "ఇంతమంది నీళ్ళు మోసిన పిల్లకు గంగ గాక ఇంకేం పేరు?" అన్నది. తొట్టెల ఊపి గంగ అనే పేరు పెట్టిండ్రు.

తెల్లారి మీటింగుల రాజీనామా కాయితం పెట్టిన. అందరు నవ్విండ్రు. షాహీన్ ఆపా తీసి చింపేసింది. రాజక్క మాత్రం ఒక శిక్ష ఏసింది: "పిల్ల పెద్దదై 'నాకు గంగ అని ఎందుకు పెట్టిండ్రు' అని అడిగితే, నిజం నువ్వే చెప్పాలె తమ్మీ. ఒక్క ముక్క దాచద్దు."

సరే అన్న. చెప్తా. అందుకే ఇప్పటి సంది మీ అసొంటోళ్ళ ముంగట ప్రాక్టీస్ జేస్తున్న. ఎక్కడెక్కడ ఎక్కువ నవ్విండ్రో జర చెప్పుండ్రి, పిల్లకు చెప్పేటప్పుడు ఆ ముక్కలు బావ మీదికి తోస్తా.