బావగారి ఎత్తు జీపు

మా బావగారంటే స్టీరింగ్ వదిలి పైకెత్తిన చేతులే గుర్తొస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఊపులో వెళ్ళి, బురదే దొరకని సింగపూర్‌లో ఆయన బురద దారుల్లో తిరిగే బళ్ళలా జీపు ఎత్తు పెంచించారు. అప్పట్నుంచి అది రోడ్డు మీద అటూ ఇటూ తూలేది. అక్క ఎక్కడం మానేసింది, భయమనుకున్నాం. ప్రతి ఆదివారం అందులో ఏదో ఒకటి మార్పించి, నన్ను ఊరి చివర క్రాంజీ దాకా తిప్పి, స్టీరింగ్ వదిలి చేతులెత్తేవారు.

“స్ట్రెయిట్‌గా పోతోందా, మరదలా?”

“ఎత్తు దించితే పోతుంది బావగారూ.”

“అదొక్కటీ అడక్కు.”

వాదించి వాదించి నాకే విసుగొచ్చింది. చివరికి ముందు చక్రాల ఇరుసు వాలు సరిచేయించాక జీపు తిన్నగానే పోయింది. నన్ను సాక్ష్యం పెట్టుకుని అక్కను కిందికి పిలిచారు.

“తూలితే తూలిందండీ, ఈ మోకాళ్ళతో అంతెత్తు ఎక్కేదెలా?” అంది అక్క.

ఆయన ఫ్లాట్‌లోంచి పీట తెచ్చి, వంగి ఆమె కాళ్ళ ముందు వేశారు. జీపును మాత్రం అంగుళం దించలేదు.