కృష్ణమ్మ విడిచిపెట్టిన నెల

లాల్‌దర్వాజాలో కృష్ణమ్మ నోటికి జంకని మనిషి లేడు. పాలలో నీళ్లు ఎక్కువయ్యాయేమో అని అన్న పాపానికి ఒక గుమాస్తాను సందు చివరిదాకా తిడుతూ సాగనంపిన ఇల్లాలు ఆమె. రెండు బర్రెలు, నాలుగు సందుల పాల వాడిక, ఆ నోరు, ఇవే ఆమె ఆస్తి. ఇల్లు మాత్రం మొగుడు ఓదెలు పేరు మీద ఉంది. ఓదెలు సున్నం మేస్త్రీ. ఊరి గోడలన్నిటికీ గచ్చు చేసి, మిగిలిన పొద్దుల్లో తన రెండు గదుల పెంకుటిల్లు తానే కట్టుకున్నాడు. అంత కష్టపడి కట్టుకున్న ఇంటిని సున్నపు బట్టీలో వాటా కోసం షావుకారు రామలింగానికి కుదువపెట్టాడు. బట్టీ ఏడాదిలో చల్లారింది. వడ్డీ మాత్రం చల్లారలేదు.

షావుకారు అదాలత్‌కు ఎక్కాడు. చిత్రభాను సంవత్సరం ఉగాది వెళ్లిన మర్నాడు ఓదెలు ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆరు నెలల్లో మొత్తం కట్టాలట, లేదంటే ఇల్లు హర్రాజు అట. కాగితం నిండా ఉర్దూ ఉంది. సర్కారు నెలల పేర్లు వేరు, లెక్క వేరు. మొగుడూ పెళ్లాలిద్దరికీ అందులో ఒక్క అక్షరం తెలియదు. ఎదురింట్లోనే అజ్మత్ అలీ ఉన్నాడు. కచేరి ముందు చాప పరుచుకుని అర్జీలు రాసే మున్షీ. అదాలత్ కాగితాలు చదవడమే ఆయన బతుకు. ఆయనకు చూపిద్దామని కృష్ణమ్మ అంటే ఓదెలు ఇంతెత్తున లేచాడు. ఇల్లు కుదువలో ఉందని సందులో తెలిస్తే మేస్త్రీ అని ఎవరు పిలుస్తారని గింజుకున్నాడు. కాగితం బియ్యం కుండ కిందికి వెళ్లింది. పరువు అంత ముద్దు అయినవాడు కుదువ పెట్టేముందు ఆలోచించాలి గదా! ఆ మాట కృష్ణమ్మ అననే అన్నది. అన్నందుకు రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు.

సరే, చదవలేకపోతే లెక్కపెట్టడం రాదా? వేళ్లు మడిచింది. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం, భాద్రపదం. ఆరు నెలలు. భాద్రపద అమావాస్యకు గడువు. మెడలోని గుండ్లు అమ్మింది, చీటీ పాడింది, రూపాయి మీద రూపాయి పేర్చింది. ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధికమాసం. పెళ్లి లేదు, గృహప్రవేశం లేదు, శుభమన్న మాటే లేని ఆ నెలను లాల్‌దర్వాజాలో ఏ ఆడదీ నెలల్లో కలపదు. కృష్ణమ్మ కూడా కలపలేదు.

ఆషాఢంలో బోనాలనాడు అమ్మవారి గుడి దగ్గర షావుకారు రామలింగం ఎదురయ్యాడు. ఆమె తలెత్తి, భాద్రపద అమావాస్యనాడు పైకం మొత్తం తెచ్చి నీ ముందు పోస్తానని చెప్పింది. అతను ఒక్క క్షణం ఆగాడు. లెక్క తెలిసినవాడు, ఆగకుండా ఎలా ఉంటాడు? తర్వాత నవ్వి అన్నాడు.

“తేమ్మా. నేనేడికి పోత?”

ఆ నవ్వు తలుచుకుంటే కృష్ణమ్మకు చచ్చేదాకా ఒళ్లు మండింది.

అమావాస్య వచ్చింది. సందులోని ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పూలు ఏరుతున్నారు. కృష్ణమ్మ మూట కొంగులో కట్టుకుని షావుకారు దుకాణానికి పోయింది. అతను మూట ముట్టుకోలేదు. అధికమాసమైనా సర్కారు లెక్కలో నెలేనని, వినాయక చవితి వెళ్లిన నాలుగో నాడే గడువు తీరిందని, హర్రాజుకు దరఖాస్తు కూడా పడిందని, ఇక తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. బోనాలనాడు ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. నువ్వు అడగలేదు కదా అన్నాడు. కృష్ణమ్మ ఇంటి వెనకే అతని ధాన్యం కొట్టు ఉంది. ఇంటి మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

మూట తిరిగి ఇంటికి వచ్చింది. అప్పుడైనా అజ్మత్ అలీ గుమ్మం ఎక్కాలి. ఓదెలు ఎక్కనివ్వలేదు. కార్తీకంలో కచేరి జవాను హర్రాజు నోటీసు తలుపుకు అంటించి పోతే, ఓదెలు తెల్లవారకముందే లేచి నీళ్లు చల్లి దాన్ని గీకేశాడు. గోడలు నునుపు చేసే ఆ చేతితో ఇంటి చావు కబురు నునుపుగా తుడిచేశాడు. కృష్ణమ్మ చూస్తూ ఊరుకుంది. ఊరుకున్నందుకు ఆమె తనను తాను కూడా క్షమించుకోలేదు.

డప్పు మాత్రం ఎవరూ గీకలేరు. హర్రాజునాడు సందంతా గుమ్మం ముందు నిలబడింది. పదిహేను వందల ఇంటిని షావుకారు బామ్మర్ది ఏడు వందలకు పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు. ఓదెలు లోపల ముసుగు తన్ని పడుకున్నాడు.

అప్పుడు అజ్మత్ అలీ తానే వచ్చి కాగితం అడిగాడు. కృష్ణమ్మ బియ్యం కుండ దొర్లించి, దాన్ని తెచ్చి ఆయన చేతిలో కొట్టినట్టు పెట్టింది. ఆయన చదివి తల పట్టుకున్నాడు. షావుకారు వద్దన్ననాడే పైకం తీసుకుపోయి అదాలత్‌లో కట్టి ఉంటే హర్రాజు దాకా వచ్చేదే కాదట. ఎదురింట్లో ఉండి నన్ను అడగకపోతిరి అని బాధపడ్డాడు. ఇప్పుడు ఉన్న దారులు చెప్పాడు. పాడినవాడి కాళ్లు పట్టుకుని అదే ఇంట్లో కిరాయికి ఉండవచ్చు. లేదా బాకీ అంతా, ఖర్చులతో సహా, పాడినవాడికి పాట సొమ్ము మీద నూటికి అయిదు చొప్పున కలిపి నెల లోపల అదాలత్‌లో కడితే హర్రాజు రద్దవుతుంది.

నెల అన్న మాట వినగానే ఆమె ముఖం ఎర్రబడింది.

“నెలలు జెప్పకు భాయ్. దినాలు జెప్పు.”

“ముప్పై దినాలు, చెల్లె. ఇయ్యాల్టి సంది.”

సున్నం మేస్త్రీ ఇంట్లో సున్నానికి కరువా? ప్రతి తెల్లవారీ ఆమె కుంచె ముంచి వీధి గోడ మీద ఒక గీత గీసింది. లోపలి గోడ మీద కాదు, అందరూ చూసే గోడ మీద. మూటలోని పైకం ఖర్చులకు, కొత్త వడ్డీకి, ఆ ముప్పై అయిదు రూపాయలకు చాలలేదు. పద్నాలుగో గీతనాడు ఒక బర్రెను, ఇరవై రెండో గీతనాడు రెండో బర్రెను యాకుత్‌పురా వాళ్లకు తోలేసింది. ఇరవై ఏడో గీతనాడు అజ్మత్ అలీని వెంటబెట్టుకుని పోయి పైకం కట్టి రసీదు తెచ్చింది.

తన ఇంటి ముందే ఆయన్ను ఆపి, ఆ రసీదు గట్టిగా చదవమంది. జనం మూగారు. ఓదెలు తలుపు సందులోంచి, లోపలికి రమ్మని, ఉన్న పరువు కూడా తీయవద్దని బతిమాలాడు.

“లోపల దాసిపెట్టబట్టే ఇల్లు అంగట్ల పడ్డది,” అంది కృష్ణమ్మ. “ఇంకోపారి సదువు భాయ్. షావుకారి బామ్మర్దికి పుణ్యానికి ఇచ్చిన ముప్పై అయిదు కాడ గట్టిగ సదువు. గవి నా మొగని పరువుకు కట్టిన పైసలు.”

అజ్మత్ అలీ మళ్లీ మొదటినుంచి చదివాడు. ఓదెలు తలుపు తీసుకుని, ఖాళీ అయిన బర్రెల కొట్టం పక్కన, గడప మీదికి వచ్చాడు. అందరి ఎదుట తల వంచుకుని చివరిదాకా విన్నాడు.