నలభై అడుగుల మామయ్య

మా మామయ్యకు కుక్కలంటే భయం. ఈ మాట చాలామంది తమ గురించి చెప్పుకుంటారు కానీ, వాళ్లది తీరిక వేళల్లో పడే భయం. మామయ్యది పూర్తికాలపు ఉద్యోగం. ఏ కుక్కకైనా తనకూ మధ్య నలభై అడుగుల దూరం ఉండాలన్నది ఆయన లెక్క. నలభయ్యే ఎందుకని అడిగితే, ముప్పై అయితే కుక్కకు ఆశ పుడుతుందనీ, యాభై అయితే చూసేవాళ్లు తనని పిరికివాడనుకుంటారనీ చెప్పేవాడు.

ఇంటి నుంచి ఆయన ఆఫీసు పది నిమిషాల నడక. మామయ్యకు ముప్పావుగంట పట్టేది. బేకరీ ముందు గోధుమరంగు కుక్క, సైకిల్ షాపు మెట్ల మీద చెవి తెగినది, మందుల దుకాణం దగ్గర తల్లీపిల్లలు. ఏది ఏ వేళకు ఎక్కడ పడుకుంటుందో మునిసిపాలిటీకి తెలియదు గానీ మామయ్యకు తెలుసు. చెవి తెగినది ఒకరోజు చోటు మార్చి మా వీధి మలుపులో పడుకుంటే, మామయ్య ఎదురింటి దాకా ఆటోలో వెళ్లాడు.

పెళ్లికి ముందు అత్తయ్యను ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: మీ ఇంట్లో కుక్క ఉందా? లేదని చెప్పింది అత్తయ్య. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా, "ఉందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే హాయిగా బతికిపోయేదాన్ని" అని నిట్టూరుస్తుంది.

అలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం చూడండి. మా ఊళ్లో ఏటా నెల్లాళ్లపాటు పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. అందులో నడవలేనివాళ్లకూ, చూడలేనివాళ్లకూ, వినలేనివాళ్లకూ కావలసినవి చూసే సహాయ కేంద్రం మామయ్యది. నేను అక్కడే కౌంటర్లో కూర్చుంటాను. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. ఎగ్జిబిషన్ మొదలయ్యే ముందు రెండు రోజులు తనే చక్రాల కుర్చీలో కూర్చుని, నా చేత తోయించుకుంటూ మైదానమంతా తిరుగుతాడు. కుర్చీ ఎక్కడ ఆగిపోతే అక్కడ మెట్టు తీయించి వాలు బల్ల వేయిస్తాడు. ఆ రెండు రోజులూ నా నడుం నాది కాదు.

గేటు దగ్గర బోర్డు కూడా ఆయన రాయించిందే. "దారి చూపే కుక్కలకు ప్రవేశం ఉంది. వాటిని పిలవకండి, ముట్టుకోకండి, ఏమీ పెట్టకండి." ఆ మూడు సూత్రాలూ మామయ్య పుట్టినప్పటి నుంచీ పాటిస్తున్నవే.

ఆ బోర్డు పెట్టిన మొదటి ఏడాదే ఒకావిడ వచ్చింది. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చూపు లేదు. పక్కన నల్లటి కుక్క, దాని ఛాతీకి పట్టీ, పట్టీ మీద చేత్తో పట్టుకోవడానికి గట్టి పిడి. గేటు కాపలాదారు కుక్కను ఆపేశాడు. మామయ్య మా కేంద్రం కిటికీలోంచి తల మాత్రం బయట పెట్టి అతన్ని దులిపేశాడు. కుక్కను ఆపితే ఆవిణ్ని ఆపినట్టే అన్నాడు, రూలు చదివి వినిపించాడు, పై అధికారికి ఫోన్ చేస్తానన్నాడు. కాపలాదారు దిగొచ్చి, సరే పంపిస్తున్నానన్నాడు.

"ఒక్క నిమిషం ఆగు. నేను వెనక తలుపు నుంచి వెళ్లిపోయాక పంపించు" అన్నాడు మామయ్య.

ఆవిడకు ఉన్న కోరిక ఒక్కటే. జెయింట్ వీల్ ఎక్కాలి. "అంత ఎత్తు నుంచి ఊరు ఎలా కనిపిస్తుందో అందరూ చెప్తారండీ. ఎలా వినిపిస్తుందో ఎవరూ చెప్పరు" అంది నాతో. వీల్ నడిపే అతను మంచివాడే, కానీ కుక్కను పైకి ఎక్కించడం కుదరదన్నాడు. ఎవరైనా కింద పట్టుకుంటే ఆవిడ వెళ్లిరావచ్చు. తెలియనివాళ్ల చేతిలో పెట్టనంది ఆవిడ. అది సహాయ కేంద్రం పెద్ద చూడాల్సిన పని. నేను మామయ్య కోసం వెతికితే, చక్రాల కుర్చీల గదిలో లోపల గడియ వేసుకుని కూర్చున్నాడు. ఎంత పిలిచినా తలుపు తీయలేదు.

"పర్వాలేదులెండి, వచ్చే ఏడు చూద్దాం" అని ఆవిడ వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మామయ్య అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. కడుపులో బాగాలేదన్నాడు. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది, మూడు రోజులు మాట్లాడలేదు.

మరుసటి ఏడు ఎగ్జిబిషన్‌కు నాలుగు నెలల ముందు నుంచి మామయ్య ఇంటికి ఇంకా ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. ఊళ్లో కుక్కలు పెరిగాయన్నాడు. జేబులో ఒక చిన్న నోటుపుస్తకం కూడా చేరింది. కుక్కల చిరునామాలు రాసుకుంటున్నాడని అత్తయ్యా నేనూ నవ్వుకున్నాం.

ఎగ్జిబిషన్ తెరిచిన మూడో రోజు టెలిఫోన్ ఆవిడ మళ్లీ వచ్చింది. నేను ముందుజాగ్రత్తగా కుర్చీల గదికి తాళం వేసి, తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. కానీ మామయ్య పారిపోలేదు. చెమటకు చొక్కా తడిసి ముద్దయిపోయింది, అయినా తిన్నగా ఆవిడ దగ్గరికి నడిచాడు. కుక్క ఆయన్ని చూసి తోక ఊపింది. నాకేమీ అర్థం కాలేదు.

"మీ మామయ్యగారు చెప్పలేదా?" అంది ఆవిడ. "ఎదురుగా వచ్చి అడగడానికి భయమేసి ఆస్పత్రికి ఫోన్ చేశారు. రోజూ మీరు డ్యూటీ దిగే టైముకి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడతాను, వీలైతే రోజుకో అడుగు కుక్క వైపు ముందుకొస్తాను, మీకు అభ్యంతరమా అని అడిగారు. నాకేం అభ్యంతరం అన్నాను."

మామయ్య జేబులోంచి నోటుపుస్తకం లాగి చూశాను. మొదటి పేజీలో, "నలభై అడుగులు. చెమట." తర్వాత ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. ఒకచోట, "ఆరు అడుగులు. అది తుమ్మింది. మళ్లీ నలభై." చివరి పేజీలో నిన్నటి తేదీ: "ఒక అడుగు." నిరుడు మూడు రోజులు మాట్లాడనందుకు నాకు సిగ్గేసింది.

ఆవిడ కుక్కను మామయ్యకు అప్పగించి వీల్ ఎక్కుతూ, పిడి ముట్టుకోవద్దు, మెడకున్న తాడు మాత్రం పట్టుకుంటే చాలని చెప్పింది. మామయ్య కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. దొరికింది పిడి. అదే బిగించి పట్టుకుని, పైకి వినపడేలా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పిడి పట్టుకుంటే పని మొదలైనట్టేనని ఆ కుక్కకు నేర్పారు. పైగా మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. అది లేచింది. మామయ్యను జనంలోంచి మెల్లగా నడిపించింది. నేల మీద కరెంటు తీగలు కప్పిన గట్టు దగ్గర ఆగి, ఆయన కాలు ఎత్తేదాకా కదల్లేదు. జనం దారి ఇచ్చారు. ఒక పెద్దావిడ జాలిగా, "ఎన్నాళ్ల నుంచి నాయనా ఇలా?" అని అడిగింది.

"చిన్నప్పటి నుంచేనండీ. ఎనభై రెండు, ఎనభై మూడు" అన్నాడు మామయ్య.

కుక్క ఆయన్ని ఒక బెంచీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టి, తను ఆయన బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఆవిడ కిందికి దిగాక నేను చెయ్యి అందించి బెంచీ దగ్గరికి తీసుకొచ్చాను. పైనుంచి ఊరు ఎలా వినిపించిందని అడిగాను.

"బస్సుల రొద పోయింది. ఎక్కడో రైలు వెళ్లడం వినిపించింది. ఊరంతా చాలా చిన్నదిగా, మెత్తగా ఉంది" అంది ఆవిడ. "ఒక్కటి మాత్రం పైదాకా వినిపించింది. ఎవరో నూట డెబ్బై, నూట డెబ్బై ఒకటి అని అరుస్తున్నారు."

"అయిపోయింది మామయ్యా, కళ్లు తెరువు" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచాడు. బూటు వైపు చూశాడు. వెంటనే మూసేసుకున్నాడు. పిడి మాత్రం ఆవిడ అడిగేదాకా వదల్లేదు.

సాయంత్రం ఇంటికి బయల్దేరితే, బేకరీ కనపడగానే మామయ్య అలవాటుగా రోడ్డు దాటాడు. ఇంకా భయమేమిటని అడిగాను.

"అది చదువుకున్న కుక్క అమ్మాయ్. దీనికి ఏం తెలుసు?" అన్నాడు.

బేకరీ ముందు గోధుమరంగుది తలెత్తి చూసింది. మామయ్య ఛాతీ విరుచుకుని నడిచాడు. నేను కంటితోనే దూరం కొలిచాను. ముప్పై తొమ్మిది అడుగులుంటుంది.