స్టీలు బేసినుకిచ్చిన కంప్యూటరు

“అమ్మమ్మా, ఇక్కడుండాల్సిన పాత కంప్యూటరేదీ?”

“ఇచ్చేశాను.”

“ఎవరికి?”

“స్టీలు సామాన్ల సాయిబుగారికి. ఇదిగో బేసిను. గట్టి సరుకే, కొట్టి చూడు, గంటలా మోగుతుంది.”

“బేసినుకి కంప్యూటరిచ్చావా! నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?”

“అడిగేదేంటే? నువ్వే కదా అన్నావు, ఇక దాంతో పని లేదు, దాంట్లో నడిచేదంతా ఈ తెల్లదాంట్లోనే నడుస్తుందని. పని లేనిదానికి రోజూ దుమ్ము దులుపుతూ కూర్చోమంటావా?”

“నడుస్తుందన్నాను. పారెయ్యమన్నానా?”

“పారేశానా? బేసిను తెచ్చాను.”

మనవరాలు బేసిను తిప్పి చూసింది. అంచు మీద నా పేరు మెరుస్తోంది. “అప్పుడే పేరు కూడా కొట్టించేశావా!” అని కుర్చీలో కూలబడింది.

మా కూతురి కూతురు ఈ పిల్ల. హైదరాబాదులో పెళ్లికార్డులూ బోర్డులూ తయారుచేసే ఆఫీసులో పనిచేసి, ఆ ఆఫీసు ఎత్తేశాక బందరు వచ్చి, మా ముందు గదిలో సొంతంగా పని మొదలుపెట్టింది. వస్తూ వస్తూ అక్కడ తను వాడిన ఈ తెల్ల మాక్ కంప్యూటరు తెచ్చుకుంది. బొమ్మలు దాంట్లో బ్రహ్మాండంగా వస్తాయట. కానీ తను కొనుక్కున్న తెలుగు అక్షరాల ప్రోగ్రాము మాత్రం విండోస్‌లో తప్ప నడవదు. అందుకని తెలుగు కోసం ఇంకో పాత కంప్యూటరు పక్కనే ఉండేది. ఒక్క మనిషికి రెండు కంప్యూటర్లు. అవి రెండూ వెలుగుతుంటే కరెంటు మీటరు నా గుండెల మీద తిరిగేది.

ఆ వారమే ఏదో కొత్త సాఫ్ట్‌వేరు మాక్‌లో ఎక్కించింది. తెర మధ్యలో ఒక చదరం తెరుచుకుని, పాత కంప్యూటరు ముఖమంతా అందులో ప్రత్యక్షమైంది.

“లేని కంప్యూటరుని ఉన్నట్టు చూపిస్తుంది అమ్మమ్మా. విండోస్ పాపం తన సొంత ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది.”

“అంటే కుక్కర్లో గిన్నెలు పెట్టినట్టా? మంట ఒకటే, కింద పప్పు, పైన అన్నం?”

“అచ్చం అంతే!”

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంత శాస్త్రం ఒక్క ముక్కలో పట్టేశానని వీధిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. కుక్కరున్న ఇంట్లో రెండో పొయ్యి దండగ. ఆ దండగనే బేసినుగా మార్చాను. పేరు లేని గిన్నె పక్కింటి పాలవుతుందని నా నమ్మకం, కాబట్టి ఆ మధ్యాహ్నమే బజారుకెళ్లి పేరూ కొట్టించాను.

నా శాస్త్రంలో చేరనిది ఒకటే, తాళం. ఆ తెలుగు ప్రోగ్రాముతో పాటు వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఇస్తారు. కంప్యూటరుకి అది గుచ్చి ఉంటేనే అక్షరం పడుతుంది. ఒకరు కొని ఊరంతా పంచుకోకుండా కంపెనీవాళ్ల జాగ్రత్తట. వాళ్లు నా కడుపున పుట్టాల్సినవాళ్లు. ఆ తాళం పాత కంప్యూటరు వీపునే ఉండిపోయింది. ఆ రోజు మనవరాలు కోడూరు వెళ్లింది, పెళ్లివారి దగ్గర కార్డులో వేయాల్సిన పేర్లు రాయించుకు రావడానికి. వచ్చాక తాళం పీకి మాక్‌కి పెట్టుకుందామనుకుందట. ఈలోపల నా తెలివి వీధిలోకి నడిచి, సాయిబుగారి బండిని ఆపింది.

“మరి తాళం సంగతి ముందే చెప్పవేమే?”

“చెబితే తాళం విడిగా ఇచ్చి గరిటె తెచ్చేదానివి.”

నిజంగానే తెచ్చేదాన్ని.

కోడూరు వాళ్లది దానికొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు. మర్నాడు మధ్యాహ్నంలోపల సీడీ గుడివాడ ప్రెస్సుకి చేరకపోతే కార్డులు ఇంకోచోట వేయించుకుంటామని చెప్పి పంపారు. “ఇది పోతే దివిసీమలో ఇంకెవరూ నన్ను నమ్మరు. మళ్లీ హైదరాబాదు పోయి ఉద్యోగం వెతుక్కోవాల్సిందే,” అని అన్నం తినకుండా లేచిపోయింది. నేనూ తినలేదు. అన్నం మాత్రం పారేయలేదు, నీళ్లు పోసి ఉంచాను. నా పశ్చాత్తాపానికి కూడా ఒక హద్దుంది.

సాయిబుగారి ఇల్లెక్కడో మా వీధిలో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే మా మలుపు మీదుగా కోనేరు సెంటరు వైపు వెళ్తాడని మాత్రం తెలుసు.

తెల్లారి ఏడింటికి బేసిను చంకన పెట్టుకుని మలుపులో నిలబడ్డాను. బండి వచ్చింది. ప్లాస్టిక్ బకెట్ల వెనకాల కంప్యూటరు, దాని వీపున తాళం, ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి.

“ఇది తీసుకుని నాది నాకిచ్చేయండి సాయిబుగారూ.”

ఆయన అంచు చూశాడు. “మీ పేరున్న బేసిను నేనెవరికి అమ్మనండీ?”

“పేరుదేముందండీ, తోమగా తోమగా పోతుంది.”

“తోమితే పోయేదైతే మీరు కొట్టిస్తారా అమ్మగారూ?”

“పోనీ, ఆ వెనకాల ముక్కొక్కటీ పీకి ఇవ్వండి.”

“అది లేకపోతే ఇది పనిచేస్తుందో లేదో నాకేం తెలుసండీ? ఇస్తే మొత్తం ఇస్తాను.”

మా ఇంట్లో నా పేరు లేని స్టీలు ఒక్కటే. అటక మీది నాలుగు గిన్నెల క్యారేజీ. మా అమ్మాయి పెళ్లినాటిది. వాడితే గీతలు పడతాయని ఏనాడూ కిందికి దించలేదు. వాడని సామానుకి పేరు దండగని కొట్టించలేదు. మనవరాలు స్టూలెక్కి దించింది. కట్టిన కాగితం కూడా విప్పకుండానే మలుపులో ఆగిన సాయిబుగారి బండిలో పెట్టి, కంప్యూటరు వెనక్కి తెచ్చుకున్నాను.

మనవరాలు తాళం పీకి మాక్‌కి గుచ్చింది. చదరంలోపలి విండోస్ కాసేపు ఆలోచించి, ఒప్పుకుంది. తెర మీద ‘శ్రీరస్తు’ పడింది. తొమ్మిదిన్నరకల్లా పేర్లన్నీ కొట్టేసి, పదింటి బస్సుకి సీడీ తీసుకుని గుడివాడ వెళ్లింది. వెళ్లేముందు పాత కంప్యూటరుని నా మంచం కిందికి తోసి, “దీన్ని కదపకు,” అంది.

నేను బేసిన్లో బియ్యం పోసి కడిగాను.